కుడి అంచు మసక: సోనీ బాడీ మీద నికాన్ లెన్సులు, ఆరేళ్ల తర్వాత

నాన్న వాడిన నికాన్ లెన్సులు మూడు నా దగ్గరున్నాయి. 28 మి.మీ. ఎఫ్/2.8, 50 మి.మీ. ఎఫ్/1.4, 105 మి.మీ. ఎఫ్/2.5. మూడూ ఏఐ-ఎస్ రకం, చేత్తో తిప్పి ఫోకస్ చేసేవి. ఆరేళ్లుగా వీటిని అడాప్టర్ (ఒక కంపెనీ లెన్స్‌ను ఇంకో కంపెనీ కెమెరాకు తగిలించే గొట్టం) పెట్టి సోనీ ఏ7 త్రీ కెమెరా బాడీ మీద వాడుతున్నాను. మొదటి ఏడాది కనిపించిన వాళ్లందరికీ ఇదే మాట చెప్పాను: "అడాప్టర్‌లో ఏముంది? గాజు లేదు, వైరు లేదు, ఉత్త గొట్టం. ఏది కొన్నా ఒకటే." ఆ మాట తప్పు. అది తెలుసుకోవడానికి నాకు దాదాపు పది నెలలు పట్టింది, ఏ లోపమూ లేని ఒక లెన్స్‌ను విప్పించాల్సి వచ్చింది. అందుకే ఇది రాస్తున్నాను.

50తో ఎఫ్/1.4లో తీసిన ఫోటోల్లో కుడి అంచు ఎప్పుడూ మెత్తగా వచ్చేది. మధ్యలో కనురెప్పల వెంట్రుకలు లెక్కపెట్టేంత షార్ప్. ఎడమ అంచు ఫర్వాలేదు. కుడి పక్క మాత్రం పల్చటి పొగ కమ్మినట్టు ఉండేది. లెన్స్ లోపలి వెలుతురు రంధ్రాన్ని ఎఫ్/8కి చిన్నది చేస్తే (ఎఫ్ అంకె పెరిగేకొద్దీ రంధ్రం చిన్నదవుతుంది) ఆ తేడా దాదాపు మాయమయ్యేది. దాంతో లెన్స్ పాతబడింది, లోపల గాజు పక్కకు జరిగి ఉంటుందనే నమ్మాను. రిపేరు చేసే ఆయన చూసి "ఇందులో ఏమీ లేదండీ" అన్నా వినకుండా నేనే పట్టుబట్టి విప్పించాను. శుభ్రం చేసి, మళ్లీ అమర్చి ఇచ్చారు. ఇంటికొచ్చి మొదటి ఫోటో తీస్తే అదే కుడి అంచు, అదే పొగ. నాన్న లెన్స్‌ను అనవసరంగా విప్పించానన్న బాధ నాకు ఇప్పటికీ ఉంది.

ఆ రోజు చేసిన పని మొదటి నెలలోనే చేసుండాల్సింది. కెమెరాను స్టాండ్ మీద పెట్టి, గోడకు వార్తాపత్రిక అంటించి, వరసగా తీశాను. కెమెరాను తలకిందులు చేసినా మసక కెమెరాకు కుడి పక్కనే ఉంది, అంటే లెన్స్ బరువుకు కిందికి వాలడం వల్ల వస్తున్నది కాదు. 50 తీసి 105 పెట్టాను. ఎఫ్/2.5లో కాస్త తక్కువగా, కానీ అదే కుడి పక్కన. అడాప్టర్ తీసేసి సోనీ సొంత లెన్స్ పెడితే రెండు అంచులూ సమానం. ఇక మిగిలింది గొట్టమే.

డిజిటల్ వెర్నియర్‌తో కొలిచాను. నికాన్ ఎఫ్ మౌంట్ (లెన్స్ తగిలే చోటు) నుంచి ఫిల్మ్ వరకు దూరం 46.5 మి.మీ., సోనీ ఈ మౌంట్ నుంచి సెన్సార్ వరకు 18 మి.మీ. కాబట్టి అడాప్టర్ మందం 28.5 ఉండాలి. నాది మూడు చోట్ల 28.24కి అటూఇటూ, నాలుగో చోట 28.39. తేడా 0.15 మి.మీ. మామూలు తెల్ల కాగితం మందమే సుమారు 0.1 ఉంటుంది. ఇంత చిన్న తేడాకే ఇంత గొడవా అనిపిస్తుంది కానీ లెక్క వేస్తే అర్థమవుతుంది. ఫుల్‌ఫ్రేమ్‌కి, అంటే ఈ కెమెరా సెన్సార్ సైజుకి, మామూలుగా ఒప్పుకునే 0.03 మి.మీ. మసక చుక్క (ఇంతవరకు చుక్క మసకబారినా షార్ప్‌గానే లెక్క) ప్రకారం చూస్తే, ఎఫ్/1.4లో సెన్సార్ దగ్గర ఫోకస్‌కి ఉండే వెసులుబాటు ముందుకు 0.04, వెనక్కి 0.04 మాత్రమే. ఎఫ్/8లో అది 0.24కి పెరుగుతుంది. అందుకే ఎఫ్/8లో నా అడాప్టర్ వంకర దాక్కుంది, ఎఫ్/1.4లో బయటపడింది. 24 మెగాపిక్సెల్ ఫోటోను పూర్తి సైజులో చూసే అలవాటు ఉంటే ఇంతకంటే చిన్న వంకర కూడా దొరికిపోతుంది.

వెనక ప్లేటుకున్న నాలుగు స్క్రూలు విప్పితే ఒకదాని పక్కన నల్ల పెయింటు ముద్ద గట్టిపడి ఉంది. గీకేసి, స్క్రూలను ఎదురెదురుగా కొద్దికొద్దిగా బిగించాను. తేడా 0.03కి వచ్చింది. మొదటి ఫోటోలో కుడి అంచున అక్షరాలు చదవగలిగినప్పుడు కలిగిన సంతోషం, కొత్త లెన్స్ కొన్నప్పుడు కూడా కలగలేదు.

అయితే గొట్టం పొట్టిదిగానే మిగిలింది. చాలా అడాప్టర్లను కావాలనే కాస్త పొట్టిగా చేస్తారు. పొడుగైతే దూరపు వస్తువులకు అసలు ఫోకసే అందదు, పొట్టిదైతే రింగు ఇన్ఫినిటీ (అతి దూరపు ఫోకస్) దాటి తిరుగుతుంది, అంతే. 50, 105లతో నాకు దీని వల్ల ఏ ఇబ్బందీ లేదు. 28తో ఉంది. దూరపు కొండ మీద ఫోకస్ కుదిరేసరికి రింగు 3 మీటర్ల గీత దగ్గర ఉంటుంది. ఈ 28లో దగ్గరి ఫోకస్ కోసం కొన్ని గాజులు విడిగా కదిలే ఏర్పాటు ఉంది. కొండను తీస్తున్నా అవి 3 మీటర్లకు తగ్గట్టు నిలబడతాయి, దాంతో మూలలు బలహీనపడతాయి. "28 ఈ బాడీ మీద బ్రహ్మాండం" అని ఒకప్పుడు అన్నాను. మధ్య భాగం వరకైతే ఆ మాట మీద ఇప్పటికీ ఉంటాను.

తర్వాత కొన్న అడాప్టర్లను ఇంటికి రాగానే నాలుగు చోట్ల కొలిచాను. ఒకటి వెనక్కి పంపాను. ఉంచుకున్న రెండూ 28.46 దగ్గర ఉన్నాయి. ఒకటి 50కి, ఒకటి 105కి తగిలించే ఉంచుతాను. దీనికి ఇంకో కారణం కూడా ఉంది. నికాన్ లెన్స్ బిగించే దిశ, సోనీ మౌంట్ వదులయ్యే దిశ ఒకటే. అడాప్టర్ కెమెరా మీద ఉండగా లెన్స్ మార్చిన ప్రతిసారీ ఆ ఒత్తిడంతా చిన్న లాక్ పిన్ మీద పడుతుంది. లెన్స్, అడాప్టర్ కలిపి ఒకే ముక్కగా మార్చడం నయం.

లెన్స్‌ను కెమెరా గుర్తించకపోయినా షట్టర్ పనిచేసే సెట్టింగ్, ఫోకస్ కుదిరిన అంచుల్ని రంగుతో చూపే ఫోకస్ పీకింగ్ లాంటివి చాలామందికి తెలిసినవే. ఒకటి మాత్రం మర్చిపోవద్దు. ఈ లెన్సులు ఏ మి.మీ.వో కెమెరాకు తెలియదు. చేతి వణుకును సరిచేయడానికి సెన్సార్‌ను కదిపే స్థిరీకరణ మెనూలో మనమే చెప్పాలి. 105 అని పెట్టి మర్చిపోయి 28తో సాయంత్రమంతా తీస్తే, అవసరానికి మించి సెన్సార్‌ను కదిపి బాడీయే ఫోటోలు పాడుచేసింది.

ఇలా అడాప్టర్ కొని పాత లెన్సులు వాడాలా వద్దా అంటే, నేను తీసేవి కదలకుండా కూర్చున్న మనుషులు, చెట్లు, గోడలు. వ్యూఫైండర్‌లో పెద్దది చేసి, ఊపిరి బిగబట్టి రింగు తిప్పే తీరిక నాకుంది. 105తో ముఖాలు తీస్తే వచ్చే ఆ మెత్తటి వెనకభాగం కోసం ఆ తీరిక ఎంతైనా ఇస్తాను. పరుగెత్తే పిల్లల్ని, పెళ్లిళ్లను తీసేవాళ్లకు ఇది వద్దనే చెబుతాను. ఇంట్లో లెన్సులు ముందే ఉంటే ఆలోచించండి. అడాప్టర్ ఉంది కదా అని పాత లెన్సులు కొత్తగా కొనడం మొదలుపెడితే, మంచి అడాప్టర్లతో కలిపి లెక్క ఎక్కడికి పోతుందో ముందే కూడి చూసుకోండి.

మొదటి అడాప్టర్‌ను పారేయలేదు. అది 28కే ఉంటుంది. ఎఫ్/8లో 20 సెంటీమీటర్ల దగ్గర నుంచి ఆకుల్ని తీసేటప్పుడు దాని పొట్టితనం పట్టింపులోకి రాదు. కొండలు తీయాల్సి వస్తే 50 వాడతాను.