ఫోన్‌లో చెబుతూ పుస్తకం రాయడం: కొన్నేళ్లు వాడాక నా అభిప్రాయం

గోదావరి మధ్య డెల్టా కాలవలు, వాటిలో పడవల్ని దాటించే తలుపుల కట్టడాలైన లాకుల మీద నేను వేసిన పుస్తకంలో చాలా భాగం ఫోన్‌లో తెలుగు వాయిస్ టైపింగ్ ఆన్ చేసి నోటితో చెప్పిందే. ఇప్పుడు రెండో పుస్తకానికీ అదే వాడుతున్నాను. ఊరి చరిత్రో, వ్యవసాయమో, నాన్నగారి జీవితమో రాయాలని ఉండి, టైపింగ్ రాక ఆగిపోయినవాళ్లు మా కోనసీమలోనే ఎంతోమంది తెలుసు. వాళ్ల కోసం రాస్తున్నాను.

టైపింగ్ కన్నా వేగం ఎటూ ఉంటుంది. నాకు అంతకన్నా నచ్చింది వాక్యం. పెన్ను పట్టుకుంటే చాలు, "నిర్మించబడినది" లాంటి ఆఫీసు భాష వచ్చేస్తుంది. నోటితో చెబితే "1847లో మొదలుపెట్టి 1852కల్లా గోదావరి మీద ఆనకట్ట కట్టేశారు" అని సాఫీగా వస్తుంది. ధవళేశ్వరం, ర్యాలి, మద్దూరు, విజ్జేశ్వరం అని ఆ ఆనకట్ట నాలుగు ముక్కలుగా ఎందుకుందో మా మనవరాలిని ఎదురుగా కూర్చోబెట్టుకుని చెప్పాను. అచ్చులో ఆ అధ్యాయం దాదాపు అలాగే ఉంది.

అయితే ఇది మన గొంతుకే పనికొస్తుంది. లాకుల దగ్గర పనిచేసిన ఒక పెద్దాయన "పడవ లోపలికొచ్చాక ముందు రెండు పక్కలా నీళ్లు సమానం చెయ్యాలండి. తేడా ఉంటే ఎంతమంది తోసినా తలుపు కదలదండి" అని వివరిస్తుంటే ఫోన్ ఆయన ముందు పెట్టాను. గాలి, నీళ్ల హోరు, మధ్యలో లారీ హారన్. సగం మాటలు ఎగిరిపోయాయి. పైగా "వత్తాది" అంటే "వస్తుంది" అని దిద్దేస్తుంది. మనిషి మాటని మనిషి మాటగానే అచ్చువెయ్యాలంటే ఇది పెద్ద లోపం. అందుకే ఎదుటివాళ్ల మాటలకి మామూలు రికార్డర్ పెడతాను. ఇంటికొచ్చి విని, వాళ్ల మాటలు మాత్రం వేలితోనే టైప్ చేస్తాను.

ఊళ్ల పేర్లు వాయిస్ టైపింగ్‌కి సరిగ్గా రావు. లొల్ల అంటే గొల్ల అని, ఎదుర్లంక అంటే ఎదురు లంక అని పడుతుంది. ఇవి కంటికి కనబడతాయి కాబట్టి ఫర్వాలేదు. అసలు భయం అంకెలతో. 1986 ఆగస్టు వరదలో ధవళేశ్వరం దగ్గర ప్రవాహం 35 లక్షల క్యూసెక్కులు దాటింది. అది 25 అని పడితే వాక్యం చదవడానికి శుభ్రంగానే ఉంటుంది, ఎవరికీ అనుమానం రాదు. చరిత్ర పుస్తకంలో అలాంటి అంకె ఒక్కటి తప్పినా చదివేవాడు మిగతాదీ నమ్మడు. అంకెలన్నీ నోట్సు పక్కన పెట్టుకుని, రాసిన మనిషి కాకుండా ఇంకొకరు సరిచూడాల్సిందే.

ఎక్కువ టెన్షన్ పెట్టింది మాత్రం డీటీపీ దశ, అంటే అచ్చుకోసం కంప్యూటర్లో పేజీలు కట్టించడం. ఫోన్‌లో మనం తయారుచేసేది యూనికోడ్, అంటే ఏ ఫోన్లో, కంప్యూటర్లో తెరిచినా అవే అక్షరాలుగా కనబడే పద్ధతి. మన దగ్గర చాలా డీటీపీ సెంటర్లలో ఇప్పటికీ పేజ్‌మేకర్, అను ఫాంట్లే, అంటే పేజీలు కట్టే పాత సాఫ్ట్‌వేర్, అందులో వాడే తెలుగు అక్షరాలు. ఆ ఫాంట్లు యూనికోడ్ కాదు కాబట్టి ఫైలు మొత్తం మార్చాలి. మార్చే సాఫ్ట్‌వేర్ పొల్లు తర్వాత అక్షరాన్ని విడిగా ఉంచే కనబడని గుర్తుని మింగేస్తే, "బ్యారేజ్‌లో" అన్నది "బ్యారేజ్లో" అయి, జ కింద ల వత్తు వేలాడుతుంది. ఇంగ్లిష్ మాటలు, దొరల పేర్లు ఎక్కువున్న పుస్తకంలో ఇది పేజీపేజీకీ తగులుతుంది. స్క్రీన్ మీద చూస్తే కన్ను జారిపోతుంది. ప్రూఫు కాగితం మీద తీయించుకుని, స్కేలు కింద పెట్టి లైను లైనూ చదవండి. ఇన్‌డిజైన్‌లో యూనికోడ్‌తోనే పేజీలు కట్టేవాళ్లు దొరికితే నాలుగు రూపాయలు ఎక్కువైనా వాళ్లకే ఇవ్వండి. ఈ బాధ చాలావరకు ఉండదు. పదసూచిక పని మాత్రం పేజీలు ఖాయమయ్యాకే మొదలుపెట్టండి. ముందు వేస్తే పేజీ నంబర్లన్నీ మారిపోతాయి.

డీటీపీకి ఇచ్చేముందే ఒక మాట గట్టిగా మాట్లాడుకోండి. ప్రూఫుల్లో దిద్దినవన్నీ వాళ్ల ఫైల్లోకే వెళతాయి, మన ఫోన్లో ఉన్న కాపీ పాతదిగానే మిగిలిపోతుంది. రెండో ముద్రణకైనా, ఈ-బుక్‌కైనా కావలసింది దిద్దిన కాపీయే. అచ్చుకి వెళ్లిన పీడీఎఫ్, పేజీలు కట్టిన ఫైలు రెండూ చేతికొచ్చాకే ఆఖరి వాయిదా డబ్బు కట్టండి.