కుండీ మార్చాలా, మట్టి మార్చితే చాలా? ఏ కాలంలో మేలు?

ఇంట్లో పెంచే మొక్క ఎదుగుదల మందగించినట్టు కనిపించగానే చాలామంది మొదట చేసే పని నర్సరీకి వెళ్లి పెద్ద కుండీ కొని తేవడం. నిజానికి అప్పుడు మన ముందు మూడు దారులు ఉంటాయి. మొక్కను పెద్ద కుండీలోకి మార్చవచ్చు, వేళ్లను కొంత కత్తిరించి కొత్త మట్టితో మళ్లీ అదే కుండీలో నాటవచ్చు, లేదా మొక్కను కదపకుండా పైన రెండు మూడు అంగుళాల పాతమట్టిని తీసి కొత్తది నింపవచ్చు. లేత వయసు దాటిన మొక్కల విషయంలో మొదటి దారి కంటే తక్కిన రెండే తరచు మేలు చేస్తాయి.

ఎంపికకు ముందు వేళ్లను కళ్లారా చూడటం అవసరం. రెండు రోజులు నీరు ఆపి, కుండీని పక్కకు వంచి అంచు మీద తట్టితే మట్టిగడ్డ మొత్తంగా ఊడి వస్తుంది. గడ్డ చుట్టూ తెల్లని వేళ్లు చాపలా అల్లుకుని మట్టి కనిపించకపోతే, మొక్కకు చోటు చాలడం లేదని అర్థం. అలాంటి మొక్కకు పోసిన నీరు వేళ్ల సందుల్లోంచి జారి క్షణాల్లో అడుగు రంధ్రంలోంచి బయటికి వచ్చేస్తుంది. వేళ్లు పలచగా ఉండి, మట్టి గట్టిపడి, పైన తెల్లని ఉప్పు పొర కట్టి ఉంటే లోపం చోటుది కాదు, మట్టిది. హైదరాబాదు వంటి చోట బోరు నీళ్లు పోసే ఇళ్లలో రెండోదే ఎక్కువగా కనిపిస్తుంది. వేళ్లు గోధుమరంగుకు తిరిగి మెత్తబడి వాసన వేస్తుంటే అది కుళ్లు, దానికి పెద్ద కుండీ విరుగుడు కాదు.

పెద్ద కుండీ ఎందుకు చెరుపు చేస్తుందో తెలియాలంటే చిన్న లెక్క చాలు. 6 అంగుళాల కుండీ నుంచి అదే ఆకారంలో ఉన్న 8 అంగుళాల కుండీకి మారితే వెడల్పు మూడో వంతే పెరిగినట్టు కనిపిస్తుంది కాని, పట్టే మట్టి రెండింతలు దాటుతుంది. 12 అంగుళాలకు వెళితే ఎనిమిది రెట్లవుతుంది. వేళ్లు అందుకోని ఆ మట్టిలోని నీటిని పీల్చేవారు లేక అది రోజుల తరబడి తడిగానే ఉంటుంది, లోపల గాలి ఆడదు, కుళ్లు తెగులు మొదలవుతుంది. కాబట్టి మార్చక తప్పనప్పుడు పాతదాని కంటే ఒకటి రెండు అంగుళాలు మాత్రమే వెడల్పున్న కుండీ ఎంచుకోవాలి. నీరు బాగా దిగుతుందని అడుగున గులకరాళ్లు పరిచే అలవాటు కూడా ఆశించిన పని చేయదు. మట్టి పొర ఎక్కడ ముగుస్తుందో అక్కడ నీరు నిలుస్తుంది కనుక, రాళ్లు పరిస్తే ఆ తడి పొర పైకి జరిగి వేళ్లకు మరింత దగ్గరవుతుంది. రంధ్రం మీద ఒక పెంకు ముక్క లేదా చిన్న జాలీ ముక్క పెడితే చాలు.

అయితే లేత వయసులో ఉండి, ఇంకా ఎత్తు పెరగవలసిన రబ్బరు మొక్కకు, అరేకా పామ్‌కు, కుండీలో పెట్టిన కరివేపాకు మొక్కకు పెద్ద కుండీయే సరైన దారి. పామ్ జాతి మొక్కలు వేళ్లను కదిలిస్తే ఓర్చుకోలేవు కనుక, వాటి మట్టిగడ్డను చెదరనివ్వకుండా అలాగే దించాలి.

ఇక ఉన్న పరిమాణమే చాలనుకునే పెద్ద మొక్కలకు వేళ్ల కత్తిరింపు నాకు అన్నిటికంటే నచ్చిన పద్ధతి, ముఖ్యంగా బాల్కనీలో అడుగు చోటు కూడా మిగలని అపార్ట్‌మెంట్ ఇళ్లలో. శుభ్రం చేసిన పదునైన కత్తితో గడ్డకు చుట్టూ, అడుగున కలిపి నాలుగో వంతుకు మించకుండా కోసి, ఖాళీ అయిన చోట కొత్త మట్టి నింపి, పైన కొమ్మలను కూడా ఆ మేరకు తగ్గించాలి. వేళ్లు తగ్గి ఆకులు తగ్గకపోతే, ఆకులు వదిలే తేమను వేళ్లు పూడ్చలేక మొక్క వాడిపోతుంది. మనీప్లాంట్, ముదిరిన రబ్బరు మొక్క ఈ కోతను బాగా తట్టుకుంటాయి. పిలకలు వేసే స్నేక్ ప్లాంట్, పీస్ లిల్లీ వంటి వాటిని కోయడం కంటే విడదీసి రెండు మూడు కుండీల్లో నాటుకోవడం సులువు. స్నేక్ ప్లాంట్ ఇరుకులోనే హాయిగా పెరుగుతుంది. దాని దుంపవేళ్లు ప్లాస్టిక్ కుండీని ఉబ్బించేదాకా తొందరపడనక్కరలేదు.

పైమట్టి మార్పు అన్నిటిలోకీ తక్కువ శ్రమ, తక్కువ ప్రమాదం ఉన్న పని. ఇద్దరు మనుషులు ఎత్తితే గాని కదలని తొట్లకు ఇదొక్కటే వీలవుతుంది. ఉప్పు పొర ఉంటే, పైమట్టి తీసేశాక అడుగు నుంచి ధారగా కారేదాకా మంచినీరు పోసి ఉప్పును కడిగేసి, ఆ తరువాతే కొత్త మట్టి వేయాలి. వేళ్లు నిజంగా చాపలా అల్లుకుని ఉంటే మాత్రం దీనివల్ల పెద్దగా ఫలితం ఉండదు.

పద్ధతి కంటే ఎక్కువ మంది పొరపడేది కాలం విషయంలో. శీతల దేశాల వారు రాసిన పుస్తకాలన్నీ వసంతంలో కుండీ మార్చమంటాయి. అక్కడ వసంతం తరువాత మొక్కకు నెలల తరబడి మెత్తని ఎండ, పెరుగుదల ఉంటాయి కనుక ఆ సలహా వారికి సరైనదే. షికాగోలోనో టొరంటోలోనో చలికాలమంతా ఇంట్లో దాచిన కరివేపాకు మొక్కకు మన తెలుగువారు ఏప్రిల్, మే నెలల్లో కుండీ మార్చడం సబబే. ఆ సలహానే తెలంగాణలో, రాయలసీమలో పాటిస్తే మార్చిలో మార్చిన మొక్క, కుండీ మార్చేటప్పుడు తెగిపోయిన సన్నని వేళ్లు పూర్తిగా తిరిగి రాకముందే, 40 డిగ్రీలు దాటే పొడి ఎండలకు, వడగాడ్పులకు చిక్కుతుంది. రోళ్లు పగిలే రోహిణి కార్తెలో ఆకుల నుంచి ఆవిరయ్యే నీటిని కొత్త వేళ్లు అందించలేవు.

అందువల్ల మనకు మిగిలేవి రెండు అదనులు: చలి తగ్గే మాఘమాసం, జల్లులు మొదలయ్యే తొలకరి. ఆకుమొక్కలకు తొలకరే మేలు. జూన్‌లో వర్షాలు పడి గాలిలో తేమ చేరిన తరువాత మార్చిన మొక్కకు వేరూనుకోవడానికి మూడు నాలుగు నెలల అనుకూల కాలం దొరుకుతుంది. కలబంద, జేడ్, అడీనియం వంటి, ఆకుల్లోనో కాండంలోనో నీరు దాచుకునే రసమొక్కలకు ఇది తారుమారవుతుంది. కోసిన వేళ్లకు వానకాలపు తడి తగిలితే కుళ్లిపోతాయి కనుక వాటిని ఫిబ్రవరిలో, పొడి మట్టిలో నాటి, గాయాలు మానేందుకు నాలుగైదు రోజులు నీరు పోయకుండా ఉంచాలి. విశాఖపట్నం, కాకినాడ వంటి కోస్తా ఊళ్లలో ఎండాకాలంలోనూ గాలి తేమగానే ఉంటుంది కాబట్టి ఆకుమొక్కలకు కూడా ఫిబ్రవరి అంత ప్రమాదం కాదు.

మట్టి కుండీయా, ప్లాస్టిక్ కుండీయా అన్న ప్రశ్నకు జవాబు మొక్కలో కంటే నీరు పోసే చేతిలో ఉంది. మాటిమాటికీ పోసేవారికి గోడల గుండా తేమను వదిలే మట్టి కుండీ, మరచిపోయేవారికి ప్లాస్టిక్ కుండీ నప్పుతాయి. మట్టి మిశ్రమానికి ఎర్రమట్టి, కొబ్బరిపొట్టు, మాగిన పశువుల ఎరువు సమపాళ్లలో కలిపి, రసమొక్కలకైతే ఎరువు తగ్గించి ముతక ఇసుక కలిపితే సరిపోతుంది. కొత్తగా కొన్న మొక్క వేళ్ల చుట్టూ నర్సరీ సంచిలోని జిగట మట్టి ముద్దకట్టి ఉంటే, నాటే ముందు నీటిలో నానబెట్టి బయటి పొరను నెమ్మదిగా రాల్చాలి. అలాగే పెడితే చుట్టూ వేసిన గుల్ల మట్టి త్వరగా ఆరిపోతుంది, లోపలి ముద్ద ఒకసారి ఎండిందంటే మళ్లీ తొందరగా తడి పట్టదు.

ఏ పద్ధతిలో మార్చినా కాండం మునుపటి లోతులోనే ఉండాలి, కుండీ అంచు కింద నీటి కోసం అంగుళం ఖాళీ మిగలాలి. ఆ తరువాత పది రోజులు నీడలో ఉంచి, కనీసం నెల రోజులు రసాయన ఎరువు వేయకుండా ఉండాలి. కుళ్లు పట్టిన మొక్కకు మాత్రం ఈ కాలనియమాలేవీ వర్తించవు. అది రోహిణి కార్తె అయినా సరే ఆ రోజే బయటికి తీసి, చెడిన వేళ్లన్నీ కోసేసి, మిగిలిన వేళ్లకు సరిపడే చిన్న కుండీలోకి మార్చాలి.