గ్రీన్‌హౌస్ కిట్ కొనేవాళ్ళు ఒక్క నిమిషం ఆగండి: “ఏ వైపైనా పెట్టుకోండి సార్” అట!

ఒడిశాలో బరంపురం, పర్లాకిమిడి, రాయగడ, జయపురం వైపు మొక్కల పిచ్చి ఉన్నవాళ్ళందరికీ. డాబా మీదా పెరట్లోనూ పెట్టుకునే ఆ 6×8 అడుగుల గ్రీన్‌హౌస్ కిట్ ప్రకటన మీ ఫోన్లలో కూడా తిరుగుతూనే ఉంటుంది. అమ్మేది ఎవరో నేను వేరే చెప్పక్కర్లేదు, “గంటలో గ్రీన్‌హౌస్ రెడీ” అంటాడే, ఆయనే. డబ్బు కట్టేముందు ఇది చదవండి. నావి 38,000 పోయాయి, మీవైనా మిగలనీ.

ప్రకటనలో ఉన్నది: అల్యూమినియం ఫ్రేము, 6 మి.మీ. ట్విన్‌వాల్ (రెండు పలకల మధ్య గుల్లలుండే) పాలీకార్బొనేట్ ప్లాస్టిక్ షీటు, ఎండలోని అతినీలలోహిత కిరణాల్ని ఆపే యూవీ కోటింగు, పదేళ్ళ వారంటీ, అన్నిటికీ మించి “సైక్లోన్ ప్రూఫ్”. ఇంటికొచ్చినది: 4 మి.మీ. షీటు, కోటింగు లేదు, ఇక వారంటీ సంగతి కింద చదువుదురుగాని.

మందం కొలవడానికి వెర్నియర్ లేకపోయినా కిరాణా కొట్టు కాటా చాలు. 6 మి.మీ. షీటు చదరపు మీటరుకు సుమారు 1.3 కిలోలు, 4 మి.మీ. అయితే 0.8 కిలోలు. అంటే ఆరడుగుల పొడవు, రెండడుగుల వెడల్పు ముక్క దాదాపు కిలోన్నర తూగాలి. 900 గ్రాముల దగ్గర ముల్లు ఆగిపోయిందంటే మీకు అంటగట్టింది 4 మి.మీ. షీటే. సరే, అది దొంగతనమే అయినా మన దగ్గర మంచు కురవదు కాబట్టి 4 తోనైనా ఎలాగో నెట్టుకు రావచ్చు. అసలు మోసం యూవీ దగ్గర ఉంది.

తెలియనివాళ్ళ కోసం: పాలీకార్బొనేట్ దానంతటది ఎండకి తట్టుకోదు. తయారీలోనే ఒక వైపు పల్చటి యూవీ పొర కలిపి తీస్తారు. ఆ వైపు పైకి, అంటే ఆకాశానికి ఉండాలి. ఏ వైపో తెలియడానికి ఆ పక్క అంటించే ప్లాస్టిక్ పొర మీద కంపెనీ పేరు, “ఈ వైపు బయటికి” అన్న మాట అచ్చేసి ఉంటుంది. రెండో పక్క పొర మామూలుగా ఉంటుంది. తిరగేసి బిగిస్తే రెండు మూడు ఎండాకాలాల్లోనే పసుపు తిరిగి, పెళుసెక్కి, వేలితో నొక్కితే చిట్లిపోయే స్థితికి వస్తుంది. యూవీ పొరే లేని షీటుకీ అదే గతి, ఎటు తిప్పి పెట్టినా.

ఈ కిట్‌లో షీట్లకి రెండు వైపులా ఒకేలాంటి తెల్ల పొర. ఒక్క అక్షరం లేదు. అందుకే ఫోన్ చేసి అడిగాను. జరిగిన మాటలు జరిగినట్టే రాస్తున్నా.

“యూవీ వైపు ఏదండీ? పొర మీద ఏమీ రాసి లేదు.”

“ఏ వైపైనా పెట్టుకోండి సార్, ఏం కాదు.”

“అంటే రెండు వైపులా యూవీ ఉందా?”

“అంత లోతుకి ఎందుకు సార్? మొక్కలకి వెలుతురు తగిలితే చాలు కదా.”

ఏ వైపైనా పెట్టుకోవచ్చు అన్న మాట రెండు రకాల షీట్లకే నిజం. ఒకటి, రెండు పక్కలా కోటింగు ఉన్న ఖరీదైన షీటు. రెండోది, అసలు కోటింగే లేని షీటు. ఈ ధరకి మొదటిది ఎవడూ ఇవ్వడు. షీటు కంపెనీ వాళ్ళ టెస్ట్ సర్టిఫికెట్, వారంటీ కాయితం పంపమన్నాను. అప్పుడు బయటపడింది అసలు రంగు.

“మీది ఒడిశా కదా సార్? ఒడిశాకి మాకు వారంటీ లేదు. మీరు తెలుగు మాట్లాడితే ఆంధ్రా అనుకున్నాం.”

ఏమనుకున్నారూ? 760 తో మొదలయ్యే పిన్‌కోడ్ మీద పార్సెల్ బుక్ చేసినప్పుడు ఏ ఆంధ్రా అనుకున్నారో! ఆయనిచ్చిన బిల్లులోనే ఐజీఎస్టీ (వేరే రాష్ట్రానికి అమ్మితే వేసే పన్ను) వేసి ఉంది, సరుకు వెళ్ళే రాష్ట్రం ఒడిశా, కోడ్ 21 అని అచ్చయి ఉంది. పన్ను వసూలు చేసేటప్పుడు మనం ఒడిశా, వారంటీ అడిగితేనే ఒడిశా అని అప్పుడే తెలిసినట్టు మొహం. పైగా మన భాషవాడే కదా అని బేరం కూడా ఆడని నన్ను అనాలి ముందు. బిల్లు ఫొటో పంపిన మరుక్షణం వాట్సాప్‌లో బ్లాక్.

ఇక బిగింపు. “గంటలో రెడీ” అన్నది వీడియోలో కత్తెరేసిన గంట. బోల్టులన్నీ చదరపు తల ఉన్న ఎం6వి (6 మి.మీ. లావువి). వీటిని ఫ్రేము గాడిలోకి చివర నుంచి జరపాలి. మూలలు బిగించేశాక ఇక లోపలికి వెళ్ళవు. షెల్ఫుకో, పైన నెట్టు కట్టుకోవడానికో ఒక బోల్టు కావాలంటే మొత్తం విప్పాల్సిందే. అందుకని ప్రతి నిలువు పట్టీలోనూ రెండేసి అదనపు బోల్టులు ముందే జరిపి ఉంచాలి. ఆ ముక్క వాళ్ళ బొమ్మల కాయితంలో లేదు, అదనపు బోల్టులు కిట్‌లోనూ లేవు. ఆ మాటకొస్తే లెక్క ప్రకారం రావలసినవే రాలేదు. 10 నంబరు పానాతో మొదట్లోనే గట్టిగా బిగించకండి, అల్యూమినియం మర కాబట్టి మర పోతుంది, ఫ్రేము కూడా ఒంకరగా ఆగిపోతుంది. చేత్తో తిప్పి వదిలేసి, అడుగు చట్రం మూలకు మూల రెండు వైపులా టేపుతో కొలవండి. కచ్చితంగా 6×8 అయితే ఆ కొలత సరిగ్గా 10 అడుగులు. మీ కిట్ కొలత కాస్త అటూ ఇటూ ఉన్నా పర్లేదు, రెండు మూలల కొలతలూ మాత్రం సమానంగా ఉండాలి. అర అంగుళం తేడా ఉన్నా పైకప్పు షీటు గాడిలో కూర్చోదు, తలుపు ఈడ్చుకుపోతుంది.

షీటు గాడిలో బిర్రుగా దూరేలా కోయకూడదు. మీటరు షీటు ఒక్కో డిగ్రీకి 0.065 మి.మీ. సాగుతుంది. రెండు మీటర్ల షీటు పొద్దున్నకీ మిట్టమధ్యాహ్నానికీ మధ్య 30 డిగ్రీలు వేడెక్కితే 4 మి.మీ. పెరుగుతుంది. ఆ జాగా వదలకపోతే ఉబ్బి గాడిలోంచి బయటకి తన్నేస్తుంది. గుల్లలు నిలువుగా ఉండాలి. పై అంచుకి అల్యూమినియం టేపు, కింది అంచుకి గాలాడే సన్న చిల్లుల టేపు వెయ్యాలి, లేకపోతే గోపాల్‌పూర్ తేమకి గుల్లల్లో పాచి పట్టి నెలల్లో పచ్చబడుతుంది. కిట్‌లో ఏ టేపు ఇచ్చారో తెలుసా? పార్సెళ్ళకి వేసే టేపు!

“సైక్లోన్ ప్రూఫ్” సంగతి చెప్పకపోతే పాపం. నేలలో దిగ్గొట్టమని జానెడు ఇనప మేకులు నాలుగు ఇచ్చారు. 2013 అక్టోబర్ 12న ఫైలిన్ తుఫాను మన గోపాల్‌పూర్ దగ్గరే తీరం దాటింది. 2018 అక్టోబర్ 11న తిత్లీ పలాస దగ్గర దాటి గజపతి జిల్లాని ఊడ్చి పెట్టేసింది. గంటకి 150 కి.మీ. గాలి అంటే చదరపు మీటరు మీద నూరు కిలోలకి పైగా ఒత్తిడి. ఇద్దరు ఎత్తుకెళ్ళగలిగే ఈ డబ్బాని ఆ నాలుగు మేకులూ ఆపుతాయట. నేల మీదైతే నాలుగు మూలలకీ, పొడుగు పక్కల మధ్యలో ఒక్కోచోటా అడుగున్నర లోతు గుంట తీసి కాంక్రీటులో బోల్టు పెట్టండి. డాబా మీదైతే స్లాబుకి చిల్లు వెయ్యకండి, వానాకాలంలో కింద గది కారుతుంది. సిమెంటు దిమ్మలకి చట్రాన్ని బిగించి, వాటి మీద బరువు వెయ్యండి. తుఫాను హెచ్చరిక వస్తే మాత్రం ఏ ధీమా వద్దు, పైకప్పు షీట్లు తీసి ఇంట్లో పెట్టేయడమే.

కొనేవాళ్ళకి: షీటు మందం, యూవీ ఏ వైపు, వారంటీ మీ జిల్లాకి వర్తిస్తుందా, ఈ మూడూ రాతపూర్వకంగా తెప్పించుకుని కట్టండి. పార్సెల్ విప్పేటప్పుడు వీడియో తియ్యండి. మోసపోయినవాళ్ళు వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915 కి ఫోన్ చెయ్యండి. 2019 వినియోగదారుల చట్టం ప్రకారం అమ్మినవాడు ఎక్కడున్నా మనం ఉండే జిల్లా వినియోగదారుల కమిషన్‌లోనే కేసు వేసుకోవచ్చు, కొన్న సరుకు విలువ 5 లక్షల లోపు అయితే ఫీజు లేదు, రెండేళ్ళ గడువు ఉంది. నేను వేస్తున్నాను.

ఇప్పటికే ఈ షీట్లు బిగించేసుకున్నవాళ్ళు పైకప్పు మీద 50 శాతం షేడ్‌నెట్టు కట్టండి, లోపల కాదు, బయట. షీటు మీద పడే ఎండ సగం తగ్గుతుంది, లోపల వేడీ తగ్గుతుంది. నెట్టు షీటుకి ఆనకుండా అరడుగు ఎత్తులో తీగ లాగి కట్టండి, ఆనితే గాలికి రాసుకుని షీటు గీతలు పడుతుంది.