జంటగా ఉంచి పంపాలా, విడదీసి పంపాలా? పందెం పావురాలకు ఏది మేలు?

పందెం సీజన్ దగ్గరపడితే హోమర్లు, అంటే దూరం తీసుకెళ్ళి వదిలినా ఇల్లు వెతుక్కుని వచ్చే పావురాలు, పెంచే మిద్దెల మీద ఇదే చర్చ. పోతునీ పెట్టనీ గూట్లో కలిపే ఉంచి, గుడ్ల మీద నుంచి లేపి పంపాలా? లేక రెంటినీ విడదీసి, బుట్టలో పెట్టేముందు కాసేపు ఒకదానికొకటి చూపించి పంపాలా? మొదటిదాన్ని నేచురల్ అంటున్నాం, రెండోదాన్ని విడోహుడ్. బెల్జియం వాళ్ళు గత శతాబ్దం మొదటి సగంలోనే విడోహుడ్ పట్టుకున్నారు. ఇప్పుడు యూట్యూబ్ నిండా అదే. నిన్నగాక మొన్న రెండు జతలు కొన్న కుర్రాళ్ళు కూడా "అన్నా, విడోహుడ్ చేయకపోతే మనకు ప్రైజు రాదా?" అని టెన్షన్ పడుతున్నారు.

నా మాట ముందే చెప్పేస్తాను. ఉద్యోగం చేసుకుంటూ మిద్దె మీద పదిహేను, ఇరవై పావురాలు పెట్టుకున్నవాళ్ళకు నేచురలే మేలు. విడోహుడ్ గొప్ప పద్ధతే, కానీ అది అడిగేవన్నీ మన దగ్గర ఉండవు.

హోమర్ అన్నాక ఎలాగూ ఇంటికి వస్తుంది. పందెం తేలేది ఎంత తొందరపడి వస్తుందన్నదాని మీద. ఒక్కో మిద్దె ఒక్కో దూరంలో ఉంటుంది కాబట్టి ముందు వచ్చిన పావురం గెలిచినట్టు కాదు, నిమిషానికి ఎన్ని మీటర్లు అనేదే లెక్క. చెన్నై నుంచి ఒంగోలు గాలి దారిలో సుమారు 270 కిలోమీటర్లు. నిమిషానికి 1200 మీటర్ల వేగంతో వస్తే 3 గంటల 45 నిమిషాలు పడుతుంది. అంత దూరం వచ్చి పిట్టగోడ మీద వాలి, 20 సెకన్లు అటూ ఇటూ చూసి లోపలికి వెళ్ళిందనుకోండి, వేగం 1198కి దిగుతుంది. గాలి బాగున్న రోజున ఆ రెండు మీటర్ల సందులో మూడు నాలుగు పావురాలు దూరిపోవచ్చు. కాలికి తొడిగే చిప్పు రింగులు వచ్చాక పావురం గుమ్మంలోని ప్యాడ్ మీద కాలు పెడితేనే టైము పడుతుంది, మనం కింద నిలబడి ఎంత ఈల వేసినా లాభం లేదు. ఆ చివరి 20 సెకన్లను మిగల్చడంలో విడోహుడ్‌ని కొట్టేది లేదు.

ఎందుకో చూడండి. చలికాలంలో జత కట్టించి ఒక విడత పిల్లల్ని తీయిస్తారు. మళ్ళీ గుడ్లు పెట్టి పది రోజులు పొదిగాక పెట్టను తీసేస్తారు. పోతుకు మాత్రం దాని గూడు దానికే ఉంటుంది, అందులో గుడ్లు పెట్టుకునే మట్టి మూకుడు బోర్లించి పెడతారు. వారమంతా పొద్దున గంట, సాయంత్రం గంట ఎగరడం, తినడం, గూడు కాసుకోవడం, అంతే. పంపే రోజు సాయంత్రం మూకుడు వెల్లకిలా తిప్పగానే దానికి విషయం అర్థమైపోతుంది. గొంతు ఉబ్బించి మూకుడు చుట్టూ గిర్రున తిరుగుతుంది. పెట్టను లోపలికి వదిలి, కొన్ని నిమిషాలు కలిసి ఉండనిచ్చి, జత కట్టకముందే పోతును ఎత్తి బుట్టలో పెట్టేస్తారు. పందెం నుంచి వచ్చేసరికి గూట్లో పెట్ట సిద్ధంగా ఉండాలి. రెండు మూడు వారాలు ఇలా జరిగిందంటే ఆ పోతు పిట్టగోడ మీద వాలదు, ఆకాశంలో నుంచి నేరుగా గుమ్మంలోకే వస్తుంది.

విడోహుడ్‌కి ఇంకో పెద్ద బలం, వారం వారం పంపవచ్చు. పొదగడం, పిల్లల్ని మేపడం లేదు కాబట్టి పోతు ఒకే స్థితిలో ఉంటుంది. ఈకలు మారడం కూడా ఆలస్యమవుతుంది. రెక్క చివరన ఉండే పది పెద్ద ఈకలు ఒక్కొక్కటే రాలి కొత్తవి వస్తాయి, జంటగా ఉన్నవాటికి రెండో విడత గుడ్ల మీద ఉండగానే మొదటి ఈక రాలడం మొదలవుతుంది. సీజన్ చివరి పందేలకు నేచురల్ పావురాలు రెక్కలో సందులతో వెళ్తాయి, విడోహుడ్ పోతులు నిండు రెక్కతో వెళ్తాయి.

ఇక ఇది అడిగే ఖర్చు. పది పోతుల్ని పందేనికి సిద్ధం చేయాలంటే పది పెట్టల్ని వేరే గదిలో మేపాలి. వాటి కూత కూడా పోతులకు వినిపించకపోతే ఇంకా మంచిది. మిద్దె మీద ఎనిమిది అడుగుల రేకుల షెడ్డు ఉన్నవాడు ఆ రెండో గది ఎక్కడ కడతాడు? పెట్టల్ని ఊరికే ఒకచోట ఉంచితే అవి వాటిలో అవే జత కట్టేస్తాయి. రెండు పెట్టలు కలిసి ఒకే మూలన నాలుగు గుడ్లు పెట్టుకుని బుద్ధిగా పొదుగుతుంటాయి. అలా జత కట్టిన పెట్టకు శనివారం సాయంత్రం తన పోతు కనిపిస్తే మొహం తిప్పుకుంటుంది. దాంతో మొత్తం పద్ధతి పునాదే పోయినట్టు. అందుకే పెట్టల్ని విడివిడి అరల్లో పెట్టేవాళ్ళున్నారు, అంటే మళ్ళీ పని, మళ్ళీ చోటు.

పోతులకు ప్రశాంతత కావాలి. పక్కింటి పిల్లలు గాలిపటం కోసం మీదికొచ్చినా, ఇంట్లో కొత్త మనిషి గూటి ముందు నిలబడినా అవి గూళ్ళు వదిలి కొట్టుకుంటాయి. రోజుకు రెండుసార్లు టైముకు వదలాలి, టైముకు లోపలికి పిలవాలి. తిండి కూడా వారం మొదట్లో తేలిక, పందెం దగ్గరపడేకొద్దీ మొక్కజొన్న, కుసుమలు, వేరుశనగ పెంచుకుంటూ పోవాలి. ఇవన్నీ ఇంట్లో ఉండే మనిషి చేయాల్సిన పనులు. రిటైరైన నాన్నో, షాపు కిందే ఉన్న అన్నయ్యో తోడుంటే సరే. పొద్దున ఎనిమిదింటికి బస్సెక్కేవాడికి మాత్రం వారం తిరక్కుండానే లయ తప్పుతుంది, లయ తప్పిన విడోహుడ్ నేచురల్ కన్నా అధ్వానం.

నేచురల్‌లో ఈ గొడవ లేదు. ఒకే గది, ఇరవై పావురాలుంటే ఇరవైనీ పందేనికి పంపవచ్చు. మేత ఖర్చు అంతే, ఎగిరేవి రెట్టింపు. నన్ను ఎక్కువగా ఒప్పించింది ఇదే. పెట్టలు పందేనికి పనికిరావన్న నమ్మకం ఇంకా కొందరిలో ఉంది. 2020లో బెల్జియంలో వేలం వేసిన న్యూ కిమ్ అనే పావురం 16 లక్షల యూరోలకు అమ్ముడుపోయింది. అది రెండేళ్ళ పెట్ట. దాని ముందటి ఏడాది అర్మాండో అనే పోతు 12.5 లక్షల యూరోలు పలికితేనే లోకం నోరెళ్ళబెట్టింది. మామూలు విడోహుడ్‌లో సగం పక్షులు, అంటే పెట్టలన్నీ, సీజనంతా పంజరంలో కూర్చుంటాయి. వాటిలో ఏది గట్టిదో మనకు ఎప్పటికీ తెలియదు, తెలియకుండానే వాటి పిల్లల్ని పెంచుతుంటాం.

నేచురల్‌లో చిక్కు వేరే చోట ఉంది. పొదగడంలో వంతులుంటాయి. సుమారు పొద్దున పదింటి నుంచి సాయంత్రం నాలుగైదు దాకా పోతు కూర్చుంటుంది, మిగతా సమయం, రాత్రంతా పెట్ట. కాబట్టి పొద్దున, సాయంత్రం గూడు తలుపు తీస్తే బయటికొచ్చేవి పోతులే. పెట్టలకు ఖాళీ దొరికేది మిట్టమధ్యాహ్నం, అదీ చెన్నై, నెల్లూరు ఎండలో. ఇది గమనించకుండా "మా పెట్టలు బద్ధకం" అనేవాళ్ళను చూస్తే నవ్వొస్తుంది. దీనికి మందు, ప్లాస్టిక్ గుడ్లు. అసలు గుడ్లు తీసి వాటిని పెడితే చల్లబడతాయన్న భయం ఉండదు, పొద్దున ఆరింటికి పెట్టల్ని లేపి అరగంట ఎగరేయవచ్చు. సెలవు రోజుల్లో 40, 50 కిలోమీటర్లు తీసుకెళ్ళి వదిలితే మిగతా లోటు తీరుతుంది.

రెండో చిక్కు, నేచురల్ పావురం ప్రతి వారం ఒకేలా ఉండదు. గుడ్డు పెట్టబోయే పెట్టను పంపడం పాపం, పెట్టిన మర్నాడు పంపడమూ అంతే. అదే సమయంలో పెట్టను గూటికి తరిమే పోతు మాత్రం దగ్గర పందేలకు మంటలా వస్తుంది. పది, పన్నెండు రోజులు పొదిగిన జంట రెండూ మంచి స్థితిలో ఉంటాయి. పొదుగు పదిహేను, పదహారు రోజులకు వచ్చేసరికి గొంతు సంచిలో పిల్లకిచ్చే పాలు ఊరతాయి. ఆ బరువుతో పంపితే పక్షికి అవస్థ. పిల్లకు వారం వచ్చాక మళ్ళీ మంచి రోజులు, ముఖ్యంగా దూరం పందేనికి.

దూరం మాట వచ్చింది కాబట్టి, నా లెక్కలో గీత గీయాల్సింది అక్కడే. చెన్నై నుంచి నెల్లూరు 150 కిలోమీటర్లు, ఒంగోలు 270, విజయవాడ 380 దాకా విడోహుడ్ పోతు ఆవేశం పనికొస్తుంది. నాగపూర్ లాంటి 900 కిలోమీటర్ల దూరానికి పక్షులు వ్యాన్‌లో, బుట్టలో రాత్రులు గడపాలి. ఆవేశం ఎక్కించిన పోతులు అక్కడే ఒకదాన్నొకటి పొడుచుకుని, నీళ్ళు తాగక, సగం బలం బుట్టలోనే పోగొట్టుకుంటాయి. గుడ్ల మీద నుంచి వచ్చిన పెట్ట బుట్టలో ఒక మూల ముడుచుకుని తిని, తాగి, పడుకుంటుంది. మొదటి రోజు చీకటి పడితే ఎక్కడో ఆగి, రెండో రోజు పొద్దున్నే మళ్ళీ లేచేది అలాంటిదే. డేగల విషయంలో మాత్రం రెండు పద్ధతులూ ఒకటే, ఎవరి అదృష్టం వాళ్ళది.

మూడో దారి కూడా ఉంది, రౌండెబౌట్. పోతుల్నీ పెట్టల్నీ విడదీసి రెంటినీ పందేనికి పంపుతారు. వచ్చాక కలుపుతారు. పెట్టలు వృథా కావు. కానీ రెండు గదులు, రెండు విడతల ఎగరడం, రెట్టింపు సమయం. ఇంట్లో ఇద్దరు మనుషులు దీని మీదే ఉంటే చేయవచ్చు. ఒకే గదిలో కొన్ని జంటల్ని ఉంచి, పక్కనే నాలుగు పోతుల్ని విడోహుడ్‌లో పెట్టడం మాత్రం వద్దు. కళ్ళ ముందు జంటలు తిరుగుతుంటే ఒంటరి పోతులు పక్కవాడి పెట్ట మీదే దృష్టి పెడతాయి.

నేచురల్ ఎంచుకుంటే పని అంతా క్యాలెండర్ మీద. మీకు ముఖ్యమైన పందెం ఫిబ్రవరి 22 ఆదివారం అనుకోండి. జత కలిపిన ఎనిమిది నుంచి పన్నెండు రోజుల్లో మొదటి గుడ్డు వస్తుంది, రెండోది దాదాపు 44 గంటలకు. జనవరి 31న కలిపితే రెండో గుడ్డు పదకొండు, పన్నెండు తేదీల్లో పడుతుంది, పందెం నాటికి పొదుగు పది రోజులు. రెండు రోజులు అటూ ఇటూ అయినా నష్టం లేదు. పందెం వారం వాయిదా పడితే గొంతులో పాలు ఊరే రోజులకు వస్తుంది. అప్పుడు పొదుగు పదిహేను రోజులు దాటిన జంట కింద ప్లాస్టిక్ గుడ్లు తీసేసి, వేరే గూటి నుంచి నాలుగైదు రోజుల పిల్లను ఒకదాన్ని పెట్టండి. పాలు పిల్లకు పోతాయి, పక్షి తేలికవుతుంది. అందుకోసం పందేనికి పంపని ఒక జంట ఓ వారం ముందే గుడ్లు పెట్టేలా చూసుకుని, వాటి అసలు గుడ్లను కదపకుండా ఉంచుకోవాలి.