హైదరాబాద్ నుంచి వైజాగ్‌కి: విమానమా, గోదావరి ఎక్స్‌ప్రెస్సా?

"విమానంలో గంటంబావు, మీరేమో రాత్రంతా రైల్లో వెళ్తారెందుకు?" అని ఈమధ్య చాలామంది అడుగుతున్నారు. పోయిన నెల చెల్లెలి గృహప్రవేశానికి అమ్మను తీసుకెళ్లే ముందు నేనూ ఇదే లెక్క వేసుకున్నాను.

శంషాబాద్ నుంచి వైజాగ్ ఎయిర్‌పోర్టుకి గాల్లో దూరం దాదాపు 510 కిలోమీటర్లు. మ్యాపులో గీత గీస్తే భద్రాచలం, రంపచోడవరం వైపు అడవుల మీదుగా ఇంచుమించు తిన్నగా తూర్పుకి పోతుంది. రైలు మాత్రం విజయవాడ దాకా కిందికి దిగి మళ్లీ పైకి రావాలి కాబట్టి దానికి 700 కిలోమీటర్లు. ఇక్కడిదాకా విమానానిదే పైచేయి.

కానీ మనం ఉండేది శంషాబాద్‌లో కాదు కదా. నిజాంపేటలో మా గుమ్మం దగ్గర మొదలుపెడితే ఎయిర్‌పోర్టుకి గంటంబావు, చెక్-ఇన్, సెక్యూరిటీ, గేటు దగ్గర ఎదురుచూపులు కలిపి గంటా ముప్పావు, ప్రయాణం గంటంబావు, బ్యాగు కోసం బెల్టు దగ్గర పాతిక నిమిషాలు, అక్కడినుంచి ఎన్‌ఏడీ జంక్షన్ మీదుగా ఎంవీపీ కాలనీకి ఇంకో నలభై. మొత్తం ఐదుంబావు దాటింది. గోదావరికి ఇల్లూ ఇల్లూ కలిపి పద్నాలుగు గంటలు.

పద్నాలుగు కంటే ఐదు తక్కువే, కాదనను. నేను చూసేది ఆ గంటలు ఎక్కడినుంచి పోతున్నాయనేది. ముహూర్తం ఉదయం తొమ్మిదిన్నరకి. ఆ వేళకి చేరాలంటే తెల్లవారుజామున మొదటి విమానం పట్టాలి, అంటే మూడింటికే క్యాబ్ ఎక్కాలి, అంటే అమ్మకి ఆ రాత్రి నిద్ర లేనట్టే. గోదావరిలో తెచ్చుకున్న పులిహోర తిని, లోయర్ బెర్త్‌లో దుప్పటి కప్పుకుని తొమ్మిదిన్నరకల్లా పడుకుంది. దువ్వాడలో లేపితే "అప్పుడే వచ్చేశామా?" అంది. పాలు పొంగించే వేళకి స్నానం చేసి, పట్టుచీర కట్టుకుని సిద్ధంగా ఉంది.

వందే భారత్ ఎనిమిదిన్నర గంటల్లో తీసుకెళ్తుంది, బాగుంటుంది, కానీ అంతసేపూ కూర్చునే ఉండాలి, పగలంతా దానికే పోతుంది. బస్సు ఏ టికెట్టూ దొరకనప్పుడే.

బెర్త్ కన్ఫర్మ్ కాకపోతే, పొద్దున వెళ్లి రాత్రికి తిరిగొచ్చే ఆఫీసు పని అయితే, విమానమే ఎక్కండి. మోకాళ్ల నొప్పులున్న పెద్దవాళ్లకి కూడా, ముందే చెప్తే వీల్‌చైర్ ఇస్తారు కాబట్టి, అదే సుఖం. ఇక విమానాలు భోగాపురంలోని కొత్త ఎయిర్‌పోర్టుకి మారితే ఎంవీపీ కాలనీకి ఇంకాస్త సమయం కలపాలి, విజయనగరం వాళ్లకి మాత్రం బాగా కలిసొస్తుంది, వాళ్లయితే ఈ లెక్కంతా మళ్లీ మొదటినుంచి వేసుకోవాలి.