ఇత్తడి పొన్ను, టేకు పిడి: లేత్ మీద ఐదేళ్లు

రోకలి చివర ఇనుప కట్టు ఉంటుంది చూశారా, దాన్ని పొన్ను అంటారు. చెక్కకు ఇత్తడి జోడించడం మొదలుపెట్టిన రోజుల్లో నాకు ఆ మాట గుర్తు కూడా లేదు. వీడియోలు చూసి తలకెక్కించుకున్న సరదా అది. విశాఖలో మా ఇంటి వెనక షెడ్డులో చెక్కను గిర్రున తిప్పుతుంటే ఉలి ఆనించి చెక్కే యంత్రం, అర హార్స్‌పవర్ మినీ లేత్, పెట్టుకుని ఐదేళ్లు దాటింది. చేసిన రోజు ప్రతిదీ ధగధగలాడుతుంది, అందుకే ఆ రోజు ఫొటోల జోలికి పోను. వాడగా వాడగా ఏది నిలిచిందో, ఏది ఊడిందో రాస్తున్నా.

ఉలి పిడులు ఆరు చేశాను, ఆరూ గట్టిగా ఉన్నాయి. ఇత్తడి గొట్టాన్ని 20 మిల్లీమీటర్ల ముక్కలుగా కోసి పొన్నులుగా వేశా. కొత్తవాళ్లు ఇక్కడ మొదలుపెట్టడం మంచిది. ఇత్తడికి మెటల్ లేతే అక్కర్లేదు, పదునైన హెచ్‌ఎస్‌ఎస్ (హైస్పీడ్ స్టీల్) స్క్రేపర్, అంటే గీకే ఉలి చాలు, స్పీడు నిమిషానికి వెయ్యి చుట్ల లోపు. కాకపోతే పనిముట్టు కొస కాస్త కిందికి వాల్చి పట్టుకోవాలి. పైకెత్తితే ఇత్తడి దాన్ని లోపలికి లాగేస్తుంది, గుండె ఝల్లుమంటుంది. పొట్టు చెక్కలా చుట్టలు తిరగదు, రవ్వలా చిట్లుతుంది. చొక్కా జేబులో, చెప్పుల్లో, ఒకసారి టీ గ్లాసులో కూడా దొరికింది. కళ్లద్దాలు లేకుండా అసలు నిలబడొద్దు.

నన్ను బాగా ఏడిపించింది గరుకు కాగితం. మొదటి పిడికి చెక్కనూ ఇత్తడినీ కలిపి ఒకేసారి రుద్దాను. ఇత్తడి పొడి టేకు రంధ్రాల్లోకి దిగి, పొన్ను పక్కన వేలెడు మేర మసి పూసినట్టయింది. ఎంత తుడిచినా పోలేదు. పైగా రుద్దే కొద్దీ ఇత్తడి బాగా వేడెక్కింది, లోపలి ఎపాక్సీ జిగురు మెత్తబడి పొన్ను గిర్రున తిరిగింది. ఇప్పుడు ముందు చెక్కకు షెల్లాక్ (లక్క పూత) పూసి రంధ్రాలు మూస్తా. తర్వాత చెక్కకు మాస్కింగ్ టేపు చుట్టి, లోహాన్ని ఆగి ఆగి రుద్దుతా. పొన్ను లోపలి వైపు గీతలు పెడితే ఎపాక్సీ పట్టు వదలదు. రుద్దడానికి స్టీల్ ఊల్ (సన్నటి ఇనుప పీచు) మాత్రం వద్దు. తుమ్మకర్ర పిడి మీద వాడితే, మొదటి వానలకే నల్లచుక్కలు పొడిచాయి. తుమ్మలోని టానిన్ అనే వగరు పదార్థానికి ఇనుప పోగు, తడి తోడైతే సిరా తయారైనట్టే.

ఇక గిన్నె సంగతి. 140 మిల్లీమీటర్ల టేకు గిన్నె, అంచు చుట్టూ ఇత్తడి కట్టు. ఆగస్టులో చేశా, గోరు కూడా దూరనంత బిగువు. హైదరాబాద్‌లో ఉన్న చెల్లికి ఇచ్చా. ఏప్రిల్‌లో ఫోను: "అన్నయ్యా, నీ గిన్నె గలగలలాడుతోంది, గాజులు తొడిగావా ఏంటి?" ఎండకు ఇత్తడి సాగిందేమో అనుకుని లెక్క వేశా. పదిహేను డిగ్రీల వేడికి ఆ కట్టు వ్యాసం పెరిగేది మిల్లీమీటరులో ఇరవయ్యో వంతు కూడా లేదు. కదిలింది చెక్క. గ్రెయిన్ (చెక్క పోగులు) పొడవునా టేకు దాదాపు కదలదు, అడ్డంగా మాత్రం తేమ తగ్గితే ఆ సైజు గిన్నెలో మిల్లీమీటరు దాకా తగ్గగలదు. అంటే గిన్నె కోలగా అయింది, కట్టు గుండ్రంగానే ఉండిపోయింది. రెండు వైపుల పోస్టుకార్డు దూరేంత సందు, మిగతా రెండు వైపుల ఎప్పటి బిగువే.

ఊళ్లో గొడ్డలి కామ వదులైతే నీళ్లలో నానేసేవాళ్లు. చెల్లి కూడా అదే చేసింది. రెండు రోజులు బాగానే పట్టింది, ఆరాక ఇంకా వదులైంది. ఉబ్బిన చెక్క ఇత్తడి గోడకు ఒత్తుకుని నలిగిపోతుంది, ఆరాక మళ్లీ పాత సైజుకు రాదు. ఇప్పుడు గిన్నెలకు కట్టు వేయడం మానేశా. ఎవరైనా అడిగినా వేయను.

దానికి పూర్తిగా ఎదురు కుంకుమ భరిణె. మూత మీద 8 మిల్లీమీటర్ల ఇత్తడి బొడిపె ఒక్కటే లోహం. అంత చిన్న చోట చెక్క కదిలినా తెలియదు. నాలుగేళ్లుగా దేవుడి గూట్లో ఉంది, నూనె చేతులతో ముట్టుకుంటున్నా చెక్కుచెదరలేదు. పెళ్లిళ్లకు ఇవ్వడానికి ఇప్పటికి ఓ పాతిక చేసుంటా.

పప్పుగుత్తి నా తప్పే. కడ్డీ నుంచి తీసిన ఇత్తడి రింగు, తల పైన. అమ్మ ఆర్నెల్లు వాడింది. ఒకరోజు చూస్తే రింగు బంగారంలా ఉంది, దాని కింద టేకు మాత్రం వెలిసిపోయి పీచు లేచింది. "ఇత్తడి అన్నాక చింతపండు పెట్టి తోమకపోతే ఎలాగరా!" అంది. ఆ పులుపు, తడి రింగు కిందికి దిగాయి. అంతకంటే పెద్ద విషయం నేను తర్వాత తెలుసుకున్నా: లేత్ మీద సులువుగా తెగడానికి అలాంటి కడ్డీల్లో సీసం కలుపుతారు, సుమారు 3 శాతం దాకా. చింతపండు వేసిన పప్పులో అది తిరగాల్సిన వస్తువు కాదు. మామూలు ఇత్తడి గిన్నెలకే మనవాళ్లు కళాయి వేయించేవారు కదా. గుత్తిని అదే రోజు వంటింట్లోంచి తీసేశా, ఇప్పుడు ఒట్టి చెక్క గుత్తి వాడుతున్నాం.

నాన్న చేతికర్ర అన్నిటికంటే ఎక్కువ దెబ్బలు తిన్నది. పిడి దగ్గర సన్నటి ఇత్తడి పట్టీ, కింద పొన్ను. చెక్కను ఎండాకాలంలో, బాగా ఆరిన తర్వాతే కోసి బిగించా, మూడేళ్లయినా రెండూ కదల్లేదు. పట్టీ మెరుపు పోయి బెల్లం రంగుకు వచ్చింది, నాన్నకు అలాగే నచ్చిందట, తోమనివ్వరు. కింది పొన్ను మాత్రం కుడివైపు వాలుగా అరిగి, ఒక అంచు కాగితంలా పలచబడింది. ఆయన నడక అటువైపు ఒరుగుతుందని అది చూసేదాకా నాకు తెలియదు. కొత్తది కొయ్యడానికి గొట్టం ముక్క ఉంది, ఆదివారం కరెంటు ఉంటే చేస్తా.