దత్తత పిల్లలకి "అటాచ్‌మెంట్ ప్యాకేజీ" అమ్ముతున్నారు, డబ్బులు కట్టే ముందు ఇది చదవండి

దత్తత తీసుకున్నవాళ్ళు, ఫోస్టర్ కేర్‌లో పిల్లల్ని పెట్టుకున్నవాళ్ళు, ముఖ్యంగా హైదరాబాద్‌లో ఉన్నవాళ్ళు దయచేసి మొత్తం చదవండి. పోస్ట్ పెద్దదే, ఏమనుకోకండి, నాలుగు నెలలుగా లోపల పెట్టుకున్నది ఒకేసారి రాస్తున్నా కాబట్టి అటూ ఇటూ పోతుంది.

మా పాప మా ఇంటికి వచ్చేసరికి అయిదేళ్ళు నిండాయి. కారా (దత్తతలు చూసే కేంద్ర ప్రభుత్వ సంస్థ) పోర్టల్‌లో పెద్ద పిల్లలైనా మాకు ఓకే అని మేమే పెట్టాం, అందరూ పసిబిడ్డల కోసం ఏళ్ళకేళ్ళు ఎదురుచూస్తుంటారు కదా, మాకు త్వరగానే వచ్చింది. శిశుగృహ నుంచి తీసుకొచ్చే రోజు అక్కడి ఆయమ్మ పాప చేతిలో ఒక బిస్కెట్ ప్యాకెట్ పెట్టింది. మూడు రోజులు ఆ ప్యాకెట్ విప్పలేదు, స్నానానికి వెళ్ళినా బాత్రూమ్‌లో బకెట్ పక్కన పెట్టుకునేది. మేం ముద్దుగా ఉందని ఫొటో కూడా తీశాం. అర్థం కాలేదు అప్పుడు.

తర్వాత మొదలైంది అసలు సంగతి. దిండు గలీబులో చపాతీ ముక్కలు, స్కూల్ బ్యాగ్ అడుగున బూజు పట్టిన ఇడ్లీ, ఒకరోజు మంచం కింద నుంచి గోడ దాకా చీమల బారు కనపడి పరుపు ఎత్తి చూస్తే అన్నం ముద్దలు టిష్యూ పేపర్‌లో చుట్టి వరసగా పెట్టుంది. మా అత్తయ్య "ఇంట్లో ఏం తక్కువైందే తల్లీ" అని ఏడ్చేసింది. ఇంకా రాత్రి లైట్ ఆర్పితే అరిచేది, ఎదురింటి అంకుల్ "వస్తావా" అంటే చెయ్యి పట్టుకుని వెళ్ళిపోయేది, కోపం వస్తే తన చెయ్యి తనే కొరుక్కునేది.

మరి ఎవరికైనా చెప్పాలి కదా, చెప్పలేదు. దత్తత తర్వాత రెండేళ్ళ పాటు ఆరు నెలలకోసారి ఫాలో-అప్ ఉంటుంది, సోషల్ వర్కర్ మేడమ్ వచ్చినప్పుడల్లా "అంతా బావుంది మేడమ్" అని టీ ఇచ్చి పంపించాం. ఎక్కడ "మీకు చేతకావట్లేదు" అని రాసేస్తారో, పాపని వెనక్కి తీసుకుపోతారో అని భయం. ఈ భయమే ఈ సెంటర్ల వ్యాపారం అండి, ఇది నాకు డెబ్భై రెండు వేలు పోయాక తెలిసింది.

రాత్రిళ్ళు ఫోన్‌లో వెతికాను, "దత్తత పాప తిండి దాచుకుంటుంది" అని, వెతికిన రెండో రోజు నుంచే యాడ్లు. "దత్తత పిల్లల ట్రామా స్పెషలిస్ట్", "అటాచ్‌మెంట్ రిపేర్ ప్రోగ్రామ్". ఫోన్ చేస్తే అవతల అమ్మాయి ఎంత మెత్తగా మాట్లాడిందంటే ఫోన్‌లోనే ఏడ్చేశాను. సెంటర్ కూడా బానే ఉంది, ఏసీ, గోడల మీద జిరాఫీ బొమ్మలు, ఫ్రేముల్లో అరడజను సర్టిఫికెట్లు. ఒక్కటి మాత్రం మనసులో తట్టింది, పై అరలో ఉన్న టాయ్స్ అన్నీ ఇంకా ప్లాస్టిక్ కవర్లలోనే ఉన్నాయి. పిల్లలు ఆడుకునే గది అయితే కవర్లు ఎందుకుంటాయి అని అనుకుని కూడా ఊరుకున్నా.

మొదటి సెషన్ నలభై నిమిషాలు. అందులో ముప్పై అయిదు నిమిషాలు మాతోనే మాట్లాడింది అక్కడి థెరపిస్ట్ ఆవిడ, అదీ పాప పక్కన కూర్చుని వింటుండగానే, "అసలు తల్లి ఎందుకు వదిలేసింది, తెలుసా మీకు?" అని. చివరి అయిదు నిమిషాలు పాపని పేరు అడిగి, రంగులు అడిగి, "రియాక్టివ్ అటాచ్‌మెంట్ డిజార్డర్", అంటే పెంచేవాళ్ళకి పిల్ల దగ్గరవ్వలేని జబ్బు అట, అని కాగితం మీద రాసి ఇచ్చింది. "ఇప్పుడు పట్టించుకోకపోతే పదమూడేళ్ళొచ్చాక మీ చేతిలో ఉండదు, ఇలాంటి కేసులు చాలామంది వెనక్కి ఇచ్చేస్తున్నారు" అంది. వెనక్కి ఇచ్చేస్తున్నారు అన్న మాట పాప విన్నది. నేను ఆ నిమిషం లేచి వచ్చేయాల్సింది. 36 సెషన్లు 84 వేలు, ఈ రోజే కడితే 72, మా ఆయన "ఒకసారి ఆలోచిద్దాం" అంటుంటే నేనే కార్డ్ తీసి స్వైప్ చేశా. బిల్లు వెనక చిన్న అక్షరాల్లో నాన్-రిఫండబుల్ అని ఉంది, అది ఇంటికొచ్చాక చూశాం.

ఇక ఇంట్లో పాటించమని ఇచ్చిన రూల్స్ చూడండి. తిండి తల్లి చేతి మీదుగానే తినాలి, మధ్యలో అడిగితే ఇవ్వకూడదు, ఫ్రిజ్‌కి తాళం వెయ్యాలి. నానమ్మ, తాతయ్య ఎత్తుకోకూడదు, ఏడిస్తే దగ్గరికి పోకూడదు, "అది మ్యానిప్యులేషన్" అట. అయిదేళ్ళ పిల్ల, ఆకలి గుర్తుండి చపాతీ దాచుకునే పిల్ల, దానికి ఫ్రిజ్ తాళం! నేను రెండు వారాలు పాటించాను, చెప్పుకోడానికి సిగ్గుగా ఉంది. మా అత్తయ్య మాత్రం పాటించలేదు, కొంగు చాటున మరమరాలు తెచ్చి పెట్టేది, నేను ఆవిడతో గొడవ కూడా పడ్డా. దాచుకోవడం తగ్గలేదు సరికదా ఈసారి షూల్లో దొరికింది.

సెషన్లకి మమ్మల్ని లోపలికి రానిచ్చేవాళ్ళు కాదు, తలుపేసి "తల్లి ఉంటే పిల్ల ఓపెన్ అవ్వదు" అనేవాళ్ళు. తొమ్మిదో సెషన్‌లో లోపలినుంచి అరుపు. మామూలు ఏడుపు కాదు. నేను తలుపు తోసేశా. ఆవిడ నేల మీద కూర్చుని పాపని దుప్పట్లో బిగించి చుట్టి ఒళ్ళో అదిమి పట్టుకుని ఉంది, గడ్డం పట్టుకుని "నా కళ్ళల్లోకి చూడు, చూస్తేనే వదుల్తా" అంటుంది. పాప మొహం చెమటలు కారుతుంది. నేను లాక్కుని వచ్చేస్తుంటే వెనకనుంచి "ఇది రెసిస్టెన్స్ మేడమ్, మధ్యలో ఆపేస్తే ఇంకా ఎక్కువవుతుంది" అని అరుస్తుంది. ఆటోలో పాప నా చున్నీ పట్టుకుని "అమ్మా నేను ఈసారి కళ్ళల్లోకి బాగా చూస్తా, పంపించొద్దు" అంది. ఇంతకంటే రాయలేను దీని గురించి.

తర్వాత తెలిసింది, దీన్ని హోల్డింగ్ థెరపీ అంటారట, పాతకాలపు చెత్త. అమెరికాలో కొలరాడోలో 2000లో పదేళ్ళ దత్తత పాపని ఇలాగే "తల్లికి దగ్గరవ్వడానికి" అని దుప్పట్లో చుట్టి, దిళ్ళు పెట్టి మీద పెద్దవాళ్ళు ఒరిగి దాదాపు 70 నిమిషాలు ఉంచారు. ఊపిరాడట్లేదు అని పాప చెప్తూనే ఉంది, నాటకం అనుకున్నారు, చనిపోయింది. ఇద్దరు థెరపిస్టులకి 2001లో చెరో పదహారేళ్ళ జైలు పడింది, ఆ రాష్ట్రం అలాంటి పద్ధతిని నిషేధిస్తూ చట్టమే చేసింది. ఇరవై అయిదేళ్ళ కింద అక్కడ నిషేధించిన దానికి దగ్గర చుట్టం మన దగ్గర ఏసీ రూమ్‌లో ప్యాకేజీ పేరుతో నడుస్తుంది.

మా ఫ్యామిలీ డాక్టర్ ఒక క్లినికల్ సైకాలజిస్ట్ దగ్గరికి పంపారు. ఆయన మొదటి రోజు పాపతో నేల మీద కూర్చుని మట్టి ముద్దతో అరగంట ఆడారు, తర్వాత పాపని అత్తయ్యతో బయటికి పంపి మమ్మల్ని అడిగిన మొదటి ప్రశ్న "దెబ్బ తగిలితే ఎవరి దగ్గరికి వస్తుంది?" అని. నా దగ్గరికే వస్తుంది, మోకాలు గీరుకుంటే ఊదమని కాలు చాపుతుంది అన్నా. ఆయన నవ్వి, ఆ సెంటర్ రాసిన జబ్బుకి ముఖ్యమైన గుర్తే బాధ కలిగినప్పుడు పిల్ల ఎవరి దగ్గరికీ ఓదార్పుకి రాకపోవడం అండి, అది అరుదైన విషయం, అయిదు నిమిషాల్లో రాసేది కాదు అన్నారు. తిండి దాచుకోవడం జబ్బు కాదట, ఒకప్పుడు ఆకలితో ఉన్న పిల్ల రేపటికి జాగ్రత్త పడటమట. ఆయన చెప్పిన పద్ధతి ఏంటో తెలుసా, ఒక స్టీలు డబ్బా. పాప చేతికి అందే అరలో పెట్టి, అందులో ఎప్పుడూ మరమరాలు, వేరుశెనగ చిక్కీలు, బిస్కెట్లు ఉండేలా చూడమన్నారు, ఖాళీ అవ్వనివ్వద్దు, ఎందుకు తిన్నావ్ అని అడగొద్దు. మొదటి వారం రోజుకి రెండుసార్లు నింపాం. రాత్రి పూట లేచి మూత తీసి చూసి మళ్ళీ పెట్టేసేది, తినేది కాదు, ఉందా లేదా అని చూసుకోవడమే. రెండో నెలకి దిండులో ఏం లేవు.

ఇప్పుడు అసలు మోసం. ఆ ఫ్రేముల్లో సర్టిఫికెట్లు వీకెండ్ ఆన్‌లైన్ కోర్సులవి. మన దేశంలో క్లినికల్ సైకాలజిస్ట్ అని బోర్డు పెట్టుకోవాలంటే రిహాబిలిటేషన్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా, ఆర్.సి.ఐ. అంటారు, అందులో రిజిస్టర్ అయి ఉండాలి, ఆ సంస్థ చట్టం 1992ది. ఆ నంబర్ అడిగి వాళ్ళ వెబ్‌సైట్‌లో పేరు కొట్టి చూసుకోవచ్చు, రెండు నిమిషాల పని. మందులు రాసే సైకియాట్రిస్ట్ అయితే మెడికల్ కౌన్సిల్ రిజిస్ట్రేషన్ ఉంటుంది. "కౌన్సెలర్", "థెరపిస్ట్", "ట్రామా కోచ్" అని మాత్రం ఎవరైనా పెట్టుకునేలా ఉంది, బాగా చదువుకున్న మంచి కౌన్సెలర్లు ఉన్నారు, కాదనను, కానీ జబ్బు పేరు కాగితం మీద రాసే ముందు ఏ చదువుతో రాస్తున్నారో అడగాలి కదా. నేను వాట్సాప్‌లో నంబర్ అడిగితే "మాది ఇంటర్నేషనల్ అఫిలియేషన్ మేడమ్, ఇండియన్ రిజిస్ట్రేషన్ అవసరం లేదు" అని వాయిస్ మెసేజ్ పెట్టారు. అది జాగ్రత్తగా సేవ్ చేసి ఉంచా.

ఇంకోటి చెప్తే మీకు ఒళ్ళు మండుతుంది. మూడో సెషన్ అప్పుడు పాప బొమ్మ వేస్తుండగా వీడియో తీసి, "అనాథ నుంచి చిరునవ్వు దాకా" అని రీల్ పెట్టారు. కళ్ళ మీద చిన్న స్టిక్కర్ ఉంది అంతే, స్కూల్ యూనిఫామ్, బ్యాడ్జ్ అన్నీ కనపడుతున్నాయి. పాప క్లాస్‌మేట్ వాళ్ళ మమ్మీ నాకు పంపింది "ఇది మీ పాపే కదా" అని. జువెనైల్ జస్టిస్ చట్టం 2015లో సెక్షన్ 74 ప్రకారం సంరక్షణ అవసరమైన పిల్లల పేరు, ఫొటో, స్కూలు, గుర్తుపట్టే ఏ వివరమూ మీడియాలో పెట్టకూడదు, 6 నెలల దాకా జైలు లేదా 2 లక్షల దాకా జరిమానా, లేదా రెండూ. సెక్షన్ నంబర్ రాసి మెసేజ్ పెట్టిన పది నిమిషాల్లో రీల్ తీసేశారు. వాళ్ళకి తెలియక కాదన్నమాట.

డబ్బుల సంగతి, మిగిలిన 27 సెషన్లకి రిఫండ్ అడిగితే ముందు పాలసీ అన్నారు, తర్వాత 18 వేలు ఇస్తాం కానీ ఎక్కడా రివ్యూ పెట్టనని సంతకం పెట్టమన్నారు. పెట్టలేదు. వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేసి కంప్లైంట్ పెట్టి, తర్వాత జిల్లా వినియోగదారుల కమిషన్‌లో కేసు వేశాం, 5 లక్షల లోపు అయితే ఫీజు కూడా లేదు, లాయర్ తప్పనిసరి కాదు. అందుకే సెంటర్ పేరు ఇక్కడ రాయట్లేదు, ఎవరూ గెస్ చేసి కింద పేర్లు పెట్టకండి ప్లీజ్, వేరేవాళ్ళ మీద పడుతుంది.

నేను భయపడి దాచిన ఫాలో-అప్ సంగతి కూడా చెప్పాలి. దత్తత నిబంధనల్లోనే ఉందండి, పిల్లకి ఇంట్లో సర్దుబాటు కావట్లేదు అంటే ఏజెన్సీ గానీ జిల్లా బాలల సంరక్షణ యూనిట్ గానీ కౌన్సెలింగ్ ఏర్పాటు చెయ్యాలి అని. చివరికి ధైర్యం చేసి సోషల్ వర్కర్ మేడమ్‌కి అంతా చెప్తే ఆవిడ అన్న మాట "తిండి దాచుకోవడమా, పెద్ద పిల్లల్లో మేం తరచూ చూస్తామమ్మా, ముందే చెప్పుంటే బావుండేది కదా". అంతే. ఎవరూ పాపని తీసుకుపోలేదు. అర్ధరాత్రి ఏం తోచకపోతే 14416 టెలి-మానస్‌కి (ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్) చెయ్యొచ్చు, ఉచితం, తెలుగులో మాట్లాడతారు, నేను రెండుసార్లు చేశా, ఒకసారి నా కోసమే. ఎర్రగడ్డ మానసిక ఆసుపత్రి అంటే మనవాళ్ళు ఇంకా జోకులేస్తారు గానీ అక్కడ కూర్చునేది క్వాలిఫైడ్ డాక్టర్లు. బెంగుళూరు దగ్గరైన వాళ్ళకి నిమ్హాన్స్ మానసిక ఆసుపత్రిలో పిల్లల విభాగం ఉంది.

మీరు ఇప్పటికే ఎక్కడైనా కట్టేసి ఉంటే, ఒక్క సెషన్ మీరు లోపల కూర్చుంటాం అని అడగండి. ఎప్పుడూ కూర్చోబెట్టక్కర్లేదు, పిల్లలు ఒంటరిగా మాట్లాడాల్సిన రోజులుంటాయి, మా సైకాలజిస్ట్ కూడా కొన్నిసార్లు బయట ఉండమంటారు, కానీ ముందే ఏం చేస్తారో చెప్తారు, తలుపు అద్దంలోంచి కనపడుతుంది. అసలు రానివ్వం అంటే అప్పుడే బ్యాగ్ తీసుకుని వచ్చేయండి. తిండి ఆపమన్నా, బిగించి పట్టుకుంటాం అన్నా, పిల్ల ముందు "వెనక్కి" అన్న మాట వాడినా అంతే.

ఆర్.సి.ఐ. సైట్‌లో పేరు ఎలా వెతకాలో తెలియనివాళ్ళు కింద అడగండి, స్క్రీన్‌షాట్లు తీసి పెడతా. ఇప్పుడు కాదు, పదిన్నర తర్వాత, పాప డబ్బా మూత తీసి చూసుకుని వచ్చింది, పడుకోబెట్టాలి, లైట్ మాత్రం ఇంకా ఆర్పనివ్వదు.